నిపుణురాలు ఉన్న బడి

నమోదు 112

నా మెడలో పట్టీ ఇవాళ మళ్ళీ కూసింది.

రెండో తరగతిలో ఒకడు పక్కవాడి చెయ్యి కొరికాడు. కొరికినవాణ్ణి దగ్గరికి తీసుకుని "ఎందుకు కొరికినవ్‌రా?" అన్నాను. అంతే. కుయ్యిమని కూత, ఎర్ర లైటు. పిల్లలందరూ ఆ కొరుకుడు సంగతి మర్చిపోయి నన్ను చూసి పకపకా నవ్వారు. కొరికించుకున్నవాడు కూడా.

నా హోదా 'తోడు'. తోడు అంటే పిల్ల పక్కన కూర్చోవచ్చు. నీళ్ళు ఇవ్వచ్చు. "ఊఁ" అనచ్చు. "తర్వాత?" అనచ్చు. "ఎందుకు" అనకూడదు, అది సలహాదారు మాట. "ఇట్ల చెయ్యి" అన్నదీ వాళ్ళదే. జబ్బుకు పేరు పెట్టడం, పిల్లలకు చావు కబురు చెప్పడం నిపుణుల పని. మా గని బడిలో సలహాదారు లేరు, నిపుణులు లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను. అడగకూడని మాటలు మాత్రం బోలెడున్నాయి.

రోజూ ఈ పని చిట్టా రాయాలని నిబంధన. ఏం రాయాలో చెప్పలేదు కాబట్టి నాకు తోచింది రాస్తాను. నోటితో అన్న మాటకు పట్టీ కూస్తుంది కానీ, రాసినదానికి కూయదు.

అసలు రాయాల్సింది ఇది. ఆరో తరగతి సరోజన అన్నం తినడం లేదు.

మా గనిలో షిఫ్టుకు పైకి పోయేవాళ్ళు గోడ మీది మేకు నుంచి తమ నంబరున్న ఇత్తడి బిళ్ల తీసి జేబులో వేసుకుని పోతారు. పైన ఎండకు మనిషి బతకడు కాబట్టి, రాత్రివేళ సోలార్ పలకల మీద దుమ్ము తుడుస్తారు. పొద్దు పొడవకముందే లిఫ్టులో దిగి బిళ్ల మళ్ళీ మేకుకు తగిలిస్తారు. గోడ నిండితేనే పొద్దుటి బువ్వ. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా గనిలో ఎవరూ ముద్ద ముట్టరు. ఇక్కడ బొగ్గు తవ్విన కాలం నుంచీ అంతేనట.

సరోజన వాళ్ళమ్మ మల్లక్క మొన్నటి ధూళిగాలిలో పైనే ఉండిపోయింది. జట్టులో మిగతావాళ్ళు దిగారు. వెతికారు, దొరకలేదు. గని మొత్తం పస్తు ఉంది, ముసలివాళ్ళతో సహా. తర్వాత గని ఆఫీసు ఆమె నంబరు కొత్తగా చేరిన మనిషికి ఇచ్చేసింది. ఆ నంబరు బిళ్ల మేకు మీద పడింది. గోడ నిండింది, సైరన్ మోగింది, అందరూ తిన్నారు.

సరోజన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. ఇప్పటికీ అలాగే కూర్చుంటోంది.

నేను పక్కన కూర్చున్నాను. "ఊఁ" అన్నాను. తను ఏమీ అనలేదు. "తర్వాత?" అందామంటే ముందు ఏదో ఒకటి ఉండాలి కదా.

నమోదు 115

హెడ్మాస్టరు ఓదెలు సార్ దగ్గరికి పోయాను. మంచాయనే. భయస్తుడు.

"సార్, నిపుణుల్ని పిలవండి."

"పిలిచిన. మొన్న పిలిచిన, దానికి ముందు పిలిచిన. వరుసల ఉన్నమన్నరు."

"ఎంత పెద్ద వరుస?"

"గది చెప్తే ఇంక వరుస ఎందుకైతదే రేణా?" అని తనే నవ్వి, తనే ఆపాడు.

మా బడికి ఒకప్పుడు నిజమైన నిపుణురాలు ఉండేదట. పైన నగరంలో ఉద్యోగం దొరికి లిఫ్టు ఎక్కింది. కుర్చీ మాత్రం కిందే ఉండిపోయింది. దాని మీద ఇప్పుడు అట్లాసులు పెడుతున్నాం. నేను చేరినప్పుడు నా హోదా 'ఆయా'. ఒక ఏడు గడిచాక 'శిశు సహాయకురాలు' అన్నారు. ఆ తర్వాత 'భావోద్వేగ సహచరి'. ఏడుస్తూ నన్ను పిలవబోయిన పిల్లలు ఆ పేరు నోరు తిరగక ఇంకా గట్టిగా ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు 'తోడు'. పేరు మారినప్పుడల్లా కొత్త పట్టీ వస్తుంది, పాత పట్టీ తిరిగి ఇచ్చేయాలి. పని మాత్రం ముక్కులు తుడవడమే.

అక్కడి నుంచి సరోజన ఇంటికి పోయాను. అమ్మమ్మ ఎల్లవ్వ గంజి కాస్తోంది, సరోజన పరదా వెనక పడుకుని ఉంది. గనిలో ఇల్లంటే ఇంతే: పాత సొరంగానికి సున్నం కొట్టి, పరదా కట్టిన గది.

"తింటుందా అవ్వా?"

"వేలుతోటి పెదవులకు రాస్తే నాకుతది. పిల్లి పిల్ల లెక్క." ఎల్లవ్వ నా మెడ వంక చూసింది. "నీ మెడల గా పట్టీ ఏందే, కుక్కకు కట్టినట్టు?"

"నేను ఎక్కువ మాట్లాడకుండ కట్టిన్రు."

"మా ఆయన బతికున్నప్పుడు నాకూ ఒకటి కట్టియ్యాల్సి ఉండె" అంది. నవ్వింది. తర్వాత గంజిలోకి చూస్తూ, "అమ్మ వస్తది బిడ్డా అని చెప్తున్న. ఇంకేం చెప్పాలె? ఆఫీసోళ్ళు సచ్చిపోయిందనలే. 'ఇంకా దిగలేదు' అన్నరు. కాయితం మీద గట్లనే రాసి ఉన్నది. నేను తల్లినే, నా బిడ్డ సచ్చిందని నా నోటితోటి నేనెట్లంట?"

పరదా వెనక సరోజన మేలుకునే ఉంది. తను కదలకుండా వింటోందని నాకు తెలిసింది. ఎల్లవ్వకూ తెలిసే ఉంటుంది.

నమోదు 118

నాకు ఇవాళ ప్రమోషన్ వచ్చింది. రాస్తుంటేనే నవ్వొస్తోంది.

వచ్చే వారం తనిఖీ. నిపుణులు లేని బడికి పై తరగతులు ఉండకూడదట. ఆరు నుంచి పది దాకా పిల్లల్ని దూరపు గని హాస్టల్‌కు పంపేయాలట. అర్హతల ఆఫీసువాళ్ళు దీనికి ఉపాయం కనిపెట్టారు. నిపుణుల్ని పంపడం కాదు. ఇక్కడ ఉన్నవాళ్ళ పేరు మార్చడం. బడిలో కొన్నేళ్ళు పనిచేసిన ప్రతి తోడూ ఇకమీదట 'బాలల మానసిక ఆరోగ్య నిపుణురాలు'. శిక్షణ ఒక పూట. తెర మీద బొమ్మలు చూపించారు. ఒక బొమ్మలో పిల్ల ఏడుస్తోంది, తర్వాతి బొమ్మలో నవ్వుతోంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పే బొమ్మ లేదు.

ఓదెలు సార్ తనే నా మెడకు కొత్త పట్టీ కట్టాడు. నీలం రంగుది.

"సార్, నాకు రాదు ఈ పని."

"నువ్వు పుస్తకాలు చదువుతవ్ కద?"

"చదవడం వేరు, ఒకరి దగ్గర నేర్చుకోవడం వేరు. తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు ఎవరున్నరు నాకు?"

"ఒక్క మనిషి. ఒక్క పేరు. ఏం పోయింది చెప్పు? పిల్లలు ఇక్కడనే ఉంటరు. నా మనుమరాలు ఎనిమిదిల ఉన్నది, నీకెరుకే."

ఎరుకే. అందుకే ఊరుకున్నాను.

ఒకటి మాత్రం దాచను. నాకు సంతోషమయింది. పొద్దంతా బడిలో తిరిగి కనిపించిన పిల్లనల్లా "ఎందుకు?" అని అడిగాను. ఎందుకు చెప్పులు లేవు, ఎందుకు లెక్క చెయ్యలేదు, ఎందుకు గోడ గీకుతున్నవ్. పట్టీ కిమ్మనలేదు. ఒకటో తరగతి పిల్ల దాన్ని వేలితో మీటి, "అక్కా, ఇది సచ్చిపోయిందా?" అంది.

నమోదు 119

నిపుణుల కోసం సరోజన పేరు మీద మేం పంపిన అర్జీకి చివరికి జవాబు వచ్చింది.

'మీ బడిలో నిపుణురాలు ఉన్నారు. కనుక బయటి నిపుణుల అవసరం లేదు. కేసు మీ నిపుణురాలికే అప్పగించబడింది.' కింద నా పేరు.

అట్లాసులు తీసి కుర్చీ మీద కూర్చున్నాను. కుర్చీకి ఒక కాలు పొట్టి. ఇటు ఊగితే ఇటు, అటు ఊగితే అటు. నిన్నటి దాకా వరుసలో ఎక్కడో ఒకచోట ఉన్నాం. నా మెడకు నీలం రంగు కట్టి ఆ వరుసలోంచి కూడా పిల్లను తీసేశారు.

ఓదెలు సార్‌కు చూపించాను. రెండుసార్లు చదివాడు. "గిట్ల అయితదని నేననుకోలే" అన్నాడు. నిజమే చెప్తున్నాడు. ఎవరూ అనుకోరు. ఎవరూ అనుకోకుండానే ఇలాంటివి అవుతాయి.

నమోదు 121

చదువుతున్నాను. పాత సర్వర్లో పిల్లల మనసు మీద ఒక లావు పుస్తకం ఉంది, మన భాషలోనే. నేను ఆయాగా ఉన్నప్పటి నుంచీ దాన్ని దించుకుంటున్నాను. పేజీలు సగమే దిగాయి, మిగతావి తెల్లగా వస్తాయి. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల అధ్యాయంలో ఒక పేజీ 'పిల్లలోని ఆశను చిదమకూడదు' అన్న మాటతో ఆగిపోయింది. తర్వాతి నాలుగు పేజీలు తెల్లవి. అక్కడ 'కానీ' అని ఉందో, 'అందువల్ల' అని ఉందో నాకు తెలియదు.

సరోజనను ఆ పొట్టికాలు కుర్చీ ఉన్న గదికి తెచ్చాను. మోకాళ్ళ మీద తల పెట్టి కూర్చుంది. మెడ వెనక ఎముకలు తేలాయి.

"నువ్వు తినకపోవడానికి కారణం కుంగుబాటు" అన్నాను. నిపుణులు వాడే మాట. నోటితో అనడం అదే మొదటిసారి.

పట్టీ కూయలేదు.

నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ అది కూస్తే నేను తప్పు మాట్లాడానని అనుకున్నాను. అది చూసేది నాకు అనుమతి ఉందా లేదా అనే. నేను చెప్పింది నిజమా కాదా దానికి పట్టదు. ఇప్పుడు నేను ఈ పిల్లకు పాము కరిచిందని చెప్పినా, దెయ్యం పట్టిందని చెప్పినా అది మూగగానే ఉంటుంది.

సరోజన తలెత్తి, "గోడ నిండలేదక్కా" అంది. ఇన్ని రోజుల్లో తను అన్న ఒకే మాట. "అందరు నిండిందంటరు. నిండలేదు. ఆ నంబరు వేరే ఆయనది. మా అమ్మది ఏది?"

చావు కబురు చెప్పే హక్కు ఇప్పుడు నాకుంది. నోటి దాకా వచ్చింది. పుస్తకంలో సగం వాక్యం గుర్తొచ్చింది, ఎల్లవ్వ మొహం గుర్తొచ్చింది. రేపు చెప్దాంలే అనుకున్నాను. ఇది రాస్తుంటే నాకు ఇంకో ఆలోచన వస్తోంది.

నమోదు 123

బిళ్లల గోడ చూసుకునేది పోశం మామ. ఒకప్పుడు పైన జట్టుకు మేస్త్రీ. ఊపిరితిత్తులు పాడై కింద కూర్చున్నాడు. బిళ్లల మీద నంబర్లు కొట్టే సుత్తె ఆయన చేతిలోనే ఉంటుంది.

"మామా, మల్లక్క పేరు మీద ఒక బిళ్ల కొట్టియ్యి."

"నంబరు వేరేటోనికి పోయింది."

"నంబరొద్దు. పేరు కొట్టు. పక్కన కొత్త మేకు కొట్టి తగిలియ్యి. పిల్లకు గోడ నిండినట్టు కనిపిస్తది, బువ్వ తింటది."

పోశం మామ సుత్తె పక్కన పెట్టాడు. "రేణా, మేకు మీద బిళ్ల ఉన్నదంటే మనిషి దిగిందన్నట్టు. దిగని మనిషి బిళ్ల తగిలిస్తరా? నా జన్మల తగిలియ్యలే."

"పిల్ల సచ్చిపోతది మామా."

"అది కాదే..."

"నేను నిపుణురాలిని. చెప్తున్న కద."

ఆయన నా నీలం పట్టీ చూశాడు. నోరు మూసుకున్నాడు. నేను పుట్టక ముందు నుంచి గనిలో ఉన్న మనిషి, నేను చిన్నప్పుడు ఏడిస్తే చంకనెత్తుకున్న మనిషి, "మరి నువ్వే చెప్తున్నవ్ కద, చదువుకున్నదానివి" అని సుత్తె ఎత్తాడు. ఆ క్షణంలో ఆయన మొహంలో నాకు కనిపించింది మర్యాద. నాకు కావలసింది తిట్టు.

షిఫ్టు దిగే వేళకు సరోజనను గోడ దగ్గరికి నడిపించుకుపోయాను. తను అక్షరం అక్షరం చదివింది. మల్లక్క. వేలితో ముట్టుకుంది. ఇత్తడి ఇంకా సుత్తె దెబ్బలకు వెచ్చగా ఉంది.

వెచ్చగా ఉండేసరికి తన మొహం వెలిగింది. జేబులోంచి అప్పుడే తీసి తగిలించినట్టు అనిపించి ఉంటుంది. నా చెయ్యి విదిలించుకుని వంటశాలకు పరిగెత్తింది. రెండు కంచాలు తీసుకుంది, రెండింటిలో బువ్వ పెట్టించుకుంది. లిఫ్టు దగ్గరికి పోయి, ఒక కంచం ఎదురుగా పెట్టి, ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

దిగేవాళ్ళు దిగారు. తన చుట్టూ జాగ్రత్తగా అడుగులు వేస్తూ పోయారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికి ఏ హోదా ఉందని అంటారు?

లిఫ్టు తలుపు మూశారు. ఆ రోజుకు పైన ఎండ మొదలైంది. తలుపు మూసిన తర్వాత కూడా తను కదలలేదు.

నమోదు 124

సరోజన ఇప్పుడు గంజి కూడా నాకడం లేదు. నీళ్ళు తాపిస్తే పెదవుల పక్కనుంచి కారుతున్నాయి. బడిలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది.

ఆస్పత్రి సిస్టర్ సెలైన్ పెట్టింది. "ఒళ్ళు నేను చూసుకుంట మేడమ్. మనసు మీది కద, మీరు చూడుర్రి" అంది. మొన్నటి దాకా నన్ను "ఓ పిల్లా" అనేది. రోజూ నాతో పాటు ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకునేది.

పోశం మామ బిళ్ల తీసేశాడట. మేకు కూడా పీకాడట. నాకు ఎదురుపడకుండా తిరుగుతున్నాడు. ఎల్లవ్వ మాత్రం సూటిగా అడిగింది.

"బిళ్ల ఎవలు తగిలియ్యమన్నరు?"

"నేనే."

"వేరేటోళ్ళైతే చెంప పగలగొడుదును" అంది. కొట్టకుండా పరదా లోపలికి పోయింది. కొట్టి ఉంటే బాగుండేది.

అర్హతల ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. నా వయసే ఉంటుంది, గొంతు అలసిపోయి ఉంది.

"అత్యవసరం. మా బడికి నిపుణుల్ని పంపండి."

"మీ బడిలో ఉన్నారు కదండీ."

"ఆమెకు రాదు."

"ఎవరండీ ఆమె?"

"నేనే."

అవతల ఏదో నొక్కిన చప్పుడు వినిపించింది. "మేడమ్, మీ పట్టీ పనిచేస్తోంది. రంగు నీలమే చూపిస్తోంది. నేనేం చేసేది?"

"పట్టీ లేకపోతే?"

"లేకపోతే ఖాళీ పోస్టు కింద పడుతుంది. పిల్ల పరిస్థితి ఇలా ఉంటే వెంటనే మనిషిని దించుతారు. కానీ..." గొంతు తగ్గించింది, "పట్టీ కోసినవాళ్ళు ఇంక ఏ బడిలోనూ పనికి రారు మేడమ్. మీ బడికి పై తరగతుల గుర్తింపు కూడా ఆగిపోతుంది. ఇది మీకు నేను చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదు" అన్నాను.

నమోదు 125

తనిఖీ. ముగ్గురు దిగారు. పిల్లలు కాగితం పూలు కత్తిరించి, జిగురు పెట్టి, దారం కట్టి దారంతా వేలాడదీశారు. తనిఖీవాళ్ళు తలలు వంచుకుని వాటి కింద నడిచారు.

నన్ను వాళ్ళ ముందు నిలబెట్టారు. పెద్దాయన "మీ అనుభవం చెప్పండి" అన్నాడు.

"నాకు ఈ పని రాదు సార్. నేను తప్పు చేసిన. ఒక పిల్లకు తల్లి దిగిందని నమ్మించిన. ఇప్పుడా పిల్ల నీళ్ళు కూడా తాగుతలేదు. నాకంటే తెలిసినవాళ్ళను పంపండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కన ఉన్నావిడ ఏదో రాసుకుంది. పెద్దాయన మెచ్చుకుంటున్నట్టు తల ఊపాడు.

"ఆత్మవిమర్శ చాలా ముఖ్యమైన నైపుణ్యం. దానికి ప్రత్యేకంగా మార్కులున్నాయి."

నాకు మార్కులు వేశారు. ఈ మాట చిట్టాలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నాకు రాదని చెప్పినందుకు, బాగా వచ్చని మార్కులు వేశారు.

వాళ్ళు టీ తాగడానికి పోయాక టీచర్ల గదిలోకి వచ్చాను. బల్ల మీద కాగితం పూలు కత్తిరించిన కత్తెర ఉంది. పట్టీ అనుకున్నదానికంటే మందంగా ఉంది. ఒక్క నొక్కుకు తెగలేదు. నేను నములుతున్నట్టు కొంచెం కొంచెంగా కోస్తుంటే ఓదెలు సార్ లోపలికి వచ్చాడు.

ఆయనకు ఒక్క చూపులో అర్థమైంది. అక్కడే నిలబడిపోయాడు.

"రేణా. అరవై మంది పిల్లలు పోతరు హాస్టలుకు."

"పోతరు సార్. బతికి పోతరు."

"నా మనుమరాలు..."

"ఎరుకే సార్."

ఆయన తలుపు దగ్గరికి వేశాడు. కాసేపటికి వచ్చి, వెనక నుంచి పట్టీని లాగి పట్టుకున్నాడు, నేను కత్తెర సరిగ్గా పెట్టడానికి. కత్తెర నా మెడకు గీసుకుంది, రక్తం వచ్చింది. పట్టీ తెగింది. గని అంతా వినపడేలా కూసింది. ఆపడం ఎవరికీ రాక బకెట్ నీళ్ళలో ముంచాం. నీళ్ళలో కూడా చాలాసేపు కూసింది.

సంఖ్య లేదు

చిట్టా నన్ను లోపలికి రానివ్వడం లేదు. కాగితం మీద రాస్తున్నాను.

ఖాళీ పోస్టు చూసి ఆఫీసు పంపిన నిపుణురాలు, డాక్టర్ ఫరీదా, షిఫ్టువాళ్ళతో కలిసి లిఫ్టులో దిగింది. నలభై ఏళ్ళుంటాయి. చెప్పుల నిండా ఎర్ర దుమ్ము, కళ్ళ కింద నలుపు. ఇలాంటి గనులు ఎన్నింటికి తనొక్కతే తిరుగుతోందో అడగలేదు. మొహం చూస్తే తెలుస్తోంది.

"ఇక్కడ పిల్లను చూసిందెవరు?" అంది.

"నేను."

"మీరెవరు?"

"ఇప్పుడు ఎవరూ కాదు."

"సరే, కూర్చోండి. మొదటి నుంచి చెప్పండి. మీకు మంచిపేరు వచ్చేవి వదిలేయండి, టైము లేదు."

చెప్పాను. కంచం మీద అడ్డం పెట్టిన చెయ్యి, పెదవులకు రాసిన గంజి, బిళ్ల, దాని వెచ్చదనం, రెండు కంచాలు. బిళ్ల దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎంత ప్రమాదకరమైన పని చేశారో తెలుసా?"

"తెలుసు. ముందు తెలియలేదు."

"పుస్తకంలో ఏ పేజీ దాకా చదివారు?"

చెప్పాను. ఆశను చిదమకూడదు అన్న దగ్గర ఆగిపోయిందని.

"అక్కడ 'కానీ' అని ఉంటుంది" అంది. "కానీ, రాని మనిషి వస్తుందని చెప్పడం ఆశ కాదు. ఆ నాలుగు పేజీలూ దాని గురించే." నా మెడ మీది గాటు చూసి సంచీలోంచి దూది తీసి ఇచ్చింది. ఆ తర్వాత ఎల్లవ్వను అడిగింది. "ఈ పాపకు వాళ్ళమ్మ చనిపోయిందని ఇప్పటిదాకా ఎవరైనా చెప్పారా?"

ఎల్లవ్వ నన్ను చూసింది. నేను ఓదెలు సార్‌ను చూశాను. ఆయన నేలను చూశాడు.

గనిలో ఇంతమంది ఉన్నాం. ఎల్లవ్వకు నోరు రాలేదు. టీచర్లకు హోదా లేదు. ఆఫీసుకు కాయితం లేదు. హోదా, నోరు రెండూ కొన్నాళ్ళు నాకే ఉన్నాయి. ఆ కొన్నాళ్ళలో నేను ఇత్తడి ముక్క ఒకటి తగిలించాను.

"పదండి" అంది డాక్టరమ్మ. ఎల్లవ్వతో కలిపి మేం ముగ్గురం సరోజన మంచం దగ్గరికి పోయాం. డాక్టరమ్మ నేల మీద, పిల్ల మొహానికి సమంగా కూర్చుంది.

"సరోజనా, నా పేరు ఫరీదా. నీకు ఒక కష్టమైన మాట చెప్పడానికి వచ్చాను. మీ అమ్మ చనిపోయింది. పైన, ధూళిగాలిలో. తను దిగి రాదు. నువ్వు తిన్నా రాదు, తినకపోయినా రాదు. నువ్వు చేసినదాని వల్ల ఇది జరగలేదు."

ఎవరి మెడలోనూ ఏమీ కూయలేదు. గది చాలా చిన్నదైనట్టు అనిపించింది.

సరోజన చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. లేవడానికి బలం లేదు, అయినా మోచేతి మీద లేచింది. సెలైన్ గొట్టం ఊగింది.

"ఈ అక్క ఉండొద్దు" అంది. "ఈ అక్కను పొమ్మను."

డాక్టరమ్మ నావైపు తల తిప్పింది. కోపంగా లేదు, జాలిగానూ లేదు. "మీరు బయట ఉండండి" అంది.

బయటికి వచ్చాను. పరదా పడింది. సొరంగం గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. లోపల ముందు ఎల్లవ్వ గొంతు, "నా బిడ్డ పోయింది బిడ్డా, నా బిడ్డ పోయింది" అని. ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. తర్వాత సరోజన ఏడుపు. సన్నగా మొదలై, గొంతు చీరుకునేలా. పిల్లలు తరగతుల్లోంచి తొంగిచూశారు. ఓదెలు సార్ వాళ్ళను లోపలికి పొమ్మనలేదు. పోశం మామ గోడ దగ్గర్నుంచి వచ్చి నాకు దూరంగా, అదే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కడి నుంచి పోలేదు.

పై తరగతుల పిల్లల మూటలు కట్టమని కబురు వచ్చిందట. ఓదెలు సార్ గుర్తింపు కోసం మళ్ళీ అర్జీ పెడతానన్నాడు. పెట్టనీ. నన్ను పైన పలకలు తుడిచే జట్టులో వేశారు, చీపురు ఇచ్చారు. చేతకానివాళ్ళు కూడా చేసే పనే అని ఎవరో అన్నారు, వాళ్ళను నేను తిట్టాను. ఏ పనీ చేతకానివాళ్ళు చేసేది కాదు.

ఏడుపు ఆగింది. చాలాసేపు ఏ సప్పుడూ లేదు.

పరదా పక్కకు జరిపి ఎల్లవ్వ బయటికొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, చేతిలో గంజి గిన్నె ఉంది. నేను లేచాను. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. పలకరించాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"రెండు గుక్కలు తాగింది" అంది. "తాగి నన్నే తిడుతుంది. ఉప్పు లేదట. ఇన్ని దినాలు గిదే సప్పిడి గంజి పోస్తున్నవా ముసల్దానా అంటది."

"నేను తెస్తా" అన్నాను.

"నువ్వు తెచ్చినవని చెప్ప" అంది ఎల్లవ్వ.

"చెప్పకు" అని, ఉప్పు కోసం వంటశాలకు పరిగెత్తాను.